వీడియో విచారణ రోజు గొంతు తెగిపోకుండా: మీ వైఫైలో పోర్టులు ఎలా చూసుకోవాలి

ఫెయిర్ వర్క్ కమిషన్ నుంచి మీకు ఒక ఈమెయిలు వస్తుంది. తేదీ, టైము, కింద నీలం రంగులో ఒక లింకు. ఆ లింకు నొక్కితే మైక్రోసాఫ్ట్ టీమ్స్ తెరుచుకోవాలి, అందులో కమిషన్ మెంబరు, మీ పాత యజమాని, దుబాసీ కనిపించాలి. అన్యాయంగా పనిలోంచి తీసేశారని 21 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకున్న మనిషికి ఆ లింకే కోర్టు గుమ్మం. వీసా మీద అప్పీలు వినే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ కూడా (2024 అక్టోబరు 14న పాత ఏఏటీ స్థానంలో వచ్చింది ఇదే) చాలా విచారణలు వీడియోలోనే పెడుతోంది. జీతం బాకీ లక్ష డాలర్ల లోపు ఉంటే వేసుకునే స్మాల్ క్లెయిమ్స్‌లోనూ వీడియో మామూలైపోయింది.

గిరావీన్, పెండిల్ హిల్, టూంగ్యాబీ చుట్టుపక్కల అద్దె ఇళ్లలో ఐదుగురు ఆరుగురు కలిసి ఉండే మనవాళ్లు ఇలాంటి విచారణ ముందు రోజు రాత్రి అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, వాట్సాప్ బాగానే వస్తోంది, యూట్యూబ్ బాగానే వస్తోంది, ఈ టీమ్స్‌లో మాత్రం నా మాట వాళ్లకు వినపడట్లేదు, ఏం చేయాలి?" దీనికి జవాబు చాలాసార్లు పోర్టుల దగ్గర ఉంటుంది. నేను ఇంజినీరును కాను, పది దాకా చదివినవాణ్ణి. కానీ ఈ విషయం అర్థం చేసుకోవడానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు.

ముందు ఎందుకింత పట్టింపో చెప్తాను. ఫెయిర్ వర్క్ చట్టం 399ఏ సెక్షన్ కింద, దరఖాస్తుదారు సబబైన కారణం లేకుండా విచారణకు రాకపోతే, యజమాని అడిగిన మీదట కమిషన్ ఆ దరఖాస్తును కొట్టేయవచ్చు. నెట్ పోవడం సబబైన కారణం కావచ్చు, కానీ అది జరిగిందని మీరు వెంటనే చెప్పాలి, చూపించాలి. రెండోది దుబాసీ సంగతి. కమిషన్ దుబాసీని ఉచితంగానే ఇస్తుంది, ముందుగా అడగాలి. మీ మాట సగం తెగి దుబాసీకి చేరితే, ఆయన సగమే అనువదిస్తాడు. "నేను సంతకం పెట్టలేదు" అన్నదాంట్లో చివరి మాట పోతే ఏమవుతుందో ఆలోచించండి.

పోర్టు అంటే

మీ బిల్డింగుకు ఒక అడ్రసు ఉంటుంది, లోపల ఫ్లాట్లకు నంబర్లుంటాయి. ఇంటర్నెట్‌లోనూ అంతే. ఐపీ అడ్రసు బిల్డింగు, పోర్టు ఫ్లాట్ నంబరు. 0 నుంచి 65535 దాకా నంబర్లున్నాయి. వెబ్‌సైట్లు దాదాపు అన్నీ 443 అనే నంబరు మీద నడుస్తాయి. అందుకే ఎంత కట్టుదిట్టమైన నెట్‌వర్క్ అయినా 443ను మూయదు. మూస్తే ఏ సైటూ తెరుచుకోదు కదా.

వీడియో కాల్‌కు మాత్రం 443 ఒక్కటి సరిపోదు, అంటే బాగా నడవడానికి సరిపోదు. ఇక్కడ రెండు రకాల రవాణా ఉంది. టీసీపీ అనేది రిజిస్టర్ పోస్టు లాంటిది. పంపిన ప్రతి ముక్కకూ రసీదు రావాలి, రాకపోతే మళ్లీ పంపుతుంది, వెనకున్నవన్నీ ఆగుతాయి. బ్యాంకు పేజీకి, ఈమెయిలుకు ఇదే కావాలి. యూడీపీ అనేది పొలంలో అవతలి గట్టు మీదున్న మనిషికి కేకేసినట్టు. ఒక మాట గాలికి పోతే పోయింది, తర్వాతి మాట టైముకు వెళ్తుంది. మాట్లాడే మాటకు ఇదే మేలు. ఒక్క క్షణం ముక్క పోయినా మనిషి చెవి సర్దుకుంటుంది, కానీ మూడు సెకన్లు ఆలస్యంగా వస్తే సంభాషణ సాగదు.

టీమ్స్ మాటకు, బొమ్మకు యూడీపీలో 3478 నుంచి 3481 దాకా నాలుగు పోర్టులు వాడుతుంది. 3478 దారి వెతుక్కోవడానికి, 3479 మాటకు, 3480 వీడియోకు, 3481 స్క్రీన్ చూపించడానికి. లాగిన్‌కు, మీటింగులో చేరడానికి టీసీపీ 443, 80. జూమ్ అయితే యూడీపీ 8801 నుంచి 8810 దాకా, 3478, 3479, టీసీపీలో 443, 8801, 8802. గూగుల్ మీట్‌కు యూడీపీ 3478, 19302 నుంచి 19309 దాకా.

ఆ యూడీపీ పోర్టులు మూసి ఉంటే యాప్ "కుదరదు" అని చెప్పదు. గమ్మున టీసీపీ 443కు మారిపోతుంది. లింకు తెరుచుకుంటుంది, మీ ముఖం కనిపిస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. పది నిమిషాలయ్యాక మాట వెనకబడటం మొదలవుతుంది, రోబో గొంతులా అవుతుంది, బొమ్మ ఆగిపోతుంది. యూట్యూబ్ బాగా రావడానికీ టీమ్స్ రాకపోవడానికీ తేడా ఇదే. యూట్యూబ్ ముందే కొంత తెచ్చి పెట్టుకుంటుంది, రేపు మీరు చెప్పబోయే సాక్ష్యాన్ని ముందే తెచ్చి పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

ఇంట్లో రూటరు జోలికి వెళ్లాలా?

ఇంట్లో ఉన్న మామూలు రూటరుకు చాలావరకు ఏమీ చేయక్కర్లేదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని "పోర్ట్ ఫార్వర్డింగ్" పెట్టుకుని, "డీఎంజెడ్" ఆన్ చేసుకుని, ఇంటి తలుపులన్నీ బార్లా తీసుకున్నవాళ్లు ఉన్నారు. మీటింగులో చేరేది మీరు, అంటే లోపలి నుంచి బయటికి వెళ్లేది మీరు. మీరు బయటికి వెళ్లేటప్పుడు రూటరు మిమ్మల్ని గుర్తుపెట్టుకుని, మీకోసం వచ్చిన జవాబును మీకే ఇస్తుంది. బయటివాడు తనంతట తాను వచ్చి తలుపు కొడితేనే పోర్ట్ ఫార్వర్డింగ్ కావాలి. విచారణలో మిమ్మల్ని అలా ఎవరూ కొట్టరు. ముందు ఎప్పుడైనా అలాంటివి పెట్టి ఉంటే తీసేయండి.

అలాగే "సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేయండి" అనే సలహా కూడా విరివిగా తిరుగుతోంది. అది ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ లైన్లకు పనికొచ్చే మాట. టీమ్స్ మాటలు తాళం వేసిన సంచిలో వెళ్తాయి కాబట్టి రూటరు వాటిని విప్పి చూడలేదు, పాడు చేయలేదు. దాన్ని కదిలించి ఇంటి ల్యాండ్‌లైన్ పోగొట్టుకోవద్దు.

మరి ఇంట్లో చూడాల్సింది ఏమిటి? రూటరులో ఫైర్‌వాల్ "హై" అని పెట్టి ఉందేమో చూడండి. బ్రౌజరులో 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ కొడితే రూటరు పేజీ వస్తుంది, పాస్‌వర్డ్ రూటరు కింద స్టిక్కరు మీద ఉంటుంది. కొన్ని మోడళ్లలో "హై" అంటే వెబ్ తప్ప మిగతావన్నీ మూయడమే. "మీడియం" గానీ "డిఫాల్ట్" గానీ చేయండి. పిల్లల కోసం పెట్టిన పేరెంటల్ కంట్రోల్ కూడా ఒక్కోసారి అడ్డం పడుతుంది. రూటరు ఇంటి యజమానిదైతే ఆయన్ని అడిగే మార్చండి, మీ అంతట మీరు మారిస్తే తర్వాత గొడవ.

ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఉంటే ఆ గంట ఆపేయండి. సినిమాల కోసమో క్రికెట్ కోసమో వేసుకున్న ఉచిత వీపీఎన్‌లు యూడీపీని సరిగా మోయలేవు. మొదటిసారి టీమ్స్ యాప్ తెరిచినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ "అనుమతించాలా" అని అడుగుతుంది. అప్పుడు భయపడి "క్యాన్సిల్" కొట్టినవాళ్లు, విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి "అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్" దగ్గర టీమ్స్‌కు టిక్కు పెట్టండి. యాప్ వేసుకోవడం ఇష్టం లేకపోతే క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో కూడా చేరవచ్చు, అకౌంటు అక్కర్లేదు, మీ పేరు కొడితే చాలు. పేరు మాత్రం దరఖాస్తులో ఉన్నట్టే కొట్టండి. "కింగ్ చిన్నా" అని వస్తే లోపలికి రానివ్వడానికి ఆలోచిస్తారు.

ఇంకోటి, ఇది పోర్టుల సమస్య కాకపోయినా అలాగే కనిపిస్తుంది. ఎన్‌బీఎన్ 50 ప్లానులో డౌన్‌లోడ్ 50 అయితే అప్‌లోడ్ మామూలుగా 20 లోపే. మీ గొంతు, మీ ముఖం వెళ్లేది అప్‌లోడ్‌లో. పక్క గదిలో తమ్ముడి ఫోన్ ఇండియా ట్రిప్ ఫోటోలన్నీ గూగుల్‌కు ఎక్కిస్తుంటే మీ మాట ఆగుతుంది. ఆ గంట ఇంట్లో అందరికీ చెప్పండి. కుదిరితే రూటరు నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు వేసుకోండి, కొంచెం డబ్బుకే దొరుకుతుంది.

కంపెనీ వైఫై, క్యాంపు వైఫై

అసలు చిక్కు ఇక్కడే. గనుల దగ్గర క్యాంపుల్లో, తోటల దగ్గర హాస్టళ్లలో, గోదాముల బ్రేక్ రూముల్లో ఉండే వైఫైలు చాలావాటిలో 80, 443 తప్ప మిగతావి మూసి పెడతారు. చెడ్డ ఉద్దేశం అనుకోకండి, రాత్రిళ్లు అందరూ సినిమాలు దించుకోకుండా అలా చేస్తారు. ఫలితం మాత్రం మీ విచారణ మీద పడుతుంది.

అక్కడ మీరు పోర్టు తెరవలేరు, నెట్‌వర్క్ చూసేవాళ్లు తెరవాలి. క్యాంపు మేనేజరుకు గానీ ఐటీ వాళ్లకు గానీ రాయాల్సింది ఇంతే: "ప్లీజ్ అలౌ అవుట్‌బౌండ్ యూడీపీ 3478 టు 3481 అండ్ టీసీపీ 443 టు మైక్రోసాఫ్ట్ టీమ్స్." ఇది ఇంగ్లిషు అక్షరాల్లో రాసి పంపండి. "అవుట్‌బౌండ్" అనే మాట వదలొద్దు. లోపలికి ఏమీ తెరవనక్కర్లేదని దాని అర్థం, అది చూస్తే ఐటీ మనిషి తేలిగ్గా ఒప్పుకుంటాడు. ఏ అడ్రసులకు తెరవాలో జాబితా మైక్రోసాఫ్టే తన సైటులో పెట్టి ఎప్పటికప్పుడు మారుస్తుంది, వాళ్లకు తెలుసు. ఎందుకు కావాలో చెప్పే పని లేదు. "వీడియో అపాయింట్‌మెంట్ ఉంది" అంటే చాలు.

కానీ కేసు ఆ కంపెనీ మీదే అయితే? అప్పుడు వాళ్ల వైఫై వాడొద్దు, వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ అసలే వాడొద్దు. టీమ్స్‌లో మీరు మాట్లాడేది వైఫై వాళ్లకు వినపడదు గానీ, మీ ఫోన్ ఏ సర్వరుతో ఎంతసేపు మాట్లాడిందో కనిపిస్తుంది. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే ఇంకా ఎక్కువే చూడొచ్చు. న్యూ సౌత్ వేల్స్‌లో 2005 నాటి వర్క్‌ప్లేస్ సర్వైలెన్స్ చట్టం ప్రకారం కంప్యూటరు మీద నిఘా పెట్టాలంటే మామూలుగా 14 రోజుల ముందు ఉద్యోగికి చెప్పాలి. అయితే ఆ నోటీసు మీరు చేరిన రోజు సంతకం పెట్టిన కాగితాల కట్టలో ఎక్కడో ఉండే ఉంటుంది.

అలాంటప్పుడు సొంత సిమ్ హాట్‌స్పాటే దారి. మొబైల్ నెట్‌వర్కులు మామూలుగా ఈ యూడీపీ పోర్టులను మూయవు. టీమ్స్ మీటింగు వీడియోకు మైక్రోసాఫ్ట్ సిఫార్సు చేసేది అటు 2.5 ఎంబీపీఎస్, ఇటు 4. లెక్క వేస్తే గంటకు దగ్గర దగ్గర 2.9 జీబీ. మూడు గంటల విచారణకు 9 జీబీ ఉంచుకోండి. ఒక్క మాట మాత్రమే అయితే గంటకు 50 ఎంబీ చుట్టూ సరిపోతుంది, కాబట్టి సిగ్నల్ పడిపోతుంటే మెంబరును అడిగి కెమెరా ఆపేయండి. అడగకుండా ఆపొద్దు. సాక్ష్యం చెప్పేటప్పుడు ముఖం కనపడాలని వాళ్లు కోరవచ్చు.

వెంట్‌వర్త్‌విల్ లైబ్రరీ లాంటి చోట్ల వైఫై రిహార్సల్‌కు బాగుంటుంది, అసలు విచారణకు కాదు. మీ జీతం, మీ వీసా సంగతులు పక్క టేబుల్ వాళ్లు వినాల్సిన పని లేదు.

రిహార్సల్ ఎలా

విచారణకు రెండు మూడు రోజుల ముందు, అదే టైముకు, అదే గదిలో, అదే ఫోనుతో చేయండి. తెలిసినవాళ్లు ఎవరైనా ఉచిత టీమ్స్‌లో మీటింగు పెట్టి మీకు లింకు పంపితే చాలు, 20 నిమిషాలు ఆపకుండా మాట్లాడండి. రెండు నిమిషాల్లో తేలదు అని పైనే చెప్పాను. కంప్యూటరు యాప్‌లో పైన ఉండే మూడు చుక్కలు నొక్కితే సెట్టింగుల్లో "కాల్ హెల్త్" అని దొరుకుతుంది. అందులో "రౌండ్ ట్రిప్ టైమ్" 100 మిల్లీసెకన్ల లోపు, "ప్యాకెట్ లాస్" ఒక శాతం లోపు ఉంటే నిశ్చింత. వైఫై మీద అంకెలు చెడిపోయి, హాట్‌స్పాట్ మీద బాగుంటే, తప్పు ఆ వైఫైదేనని తేలిపోయినట్టే. జూమ్ అయితే జూమ్ డాట్ యూఎస్ స్లాష్ టెస్ట్ అనే పేజీలో ఒక్కరే పరీక్షించుకోవచ్చు.

ఆహ్వానం ఈమెయిల్లో లింకు కింద ఒక ఫోన్ నంబరు, ఒక కాన్ఫరెన్స్ ఐడీ ఉంటే వాటిని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్లో కాదు, కాగితం మీద. నెట్ పోతే ఆ నంబరుకు మామూలు కాల్ చేసి ఐడీ కొడితే అదే గదిలోకి మాటతో చేరతారు, దానికి పోర్టులతో పనే లేదు. నోటీసులో మెంబరు ఆఫీసు నంబరు కూడా ఉంటుంది, అదీ రాసుకోండి. ఇంగ్లిషు ఇబ్బందైతే 131 450కు చేసి తెలుగు దుబాసీని అడిగి, వాళ్ల ద్వారా ఆ ఆఫీసుకు మాట్లాడవచ్చు. మధ్యలో గొంతు తెగితే వెంటనే "మాట తెగింది, చివరిది మళ్లీ చెప్తాను" అనండి. మొహమాటపడి ఊరుకుంటే ట్రాన్స్‌క్రిప్టులో ఆ తెగిన మాటే మిగులుతుంది. మీరు మాత్రం అనుమతి లేకుండా విచారణను రికార్డు చేయకూడదు, పక్కనున్న స్నేహితుడి ఫోనుతో కూడా.

ఈ సందులోనే కొందరు ఏజెంట్లు దూరతారు. "మీ నెట్ సరిచేస్తాను, ఎనీడెస్క్ వేసుకో, ఆ నంబరు చెప్పు" అంటారు. చెప్పొద్దు. ఆ నంబరు చెప్తే మీ బ్యాంకు యాప్ దాకా వాడి చేతికి ఇచ్చినట్టే.

సంఘం సొంత మీటింగు పెట్టుకుంటే

కొన్ని కార్మిక బృందాలు తమ మీటింగులు బయటి కంపెనీల చేతిలో పెట్టకుండా జిట్సీ అనే ఉచిత సాఫ్ట్‌వేరును సొంత కంప్యూటరులో పెట్టుకుంటున్నాయి. ఇక్కడ లెక్క తలకిందులు. ఇప్పుడు తలుపు కొట్టేది బయటివాళ్లు, కాబట్టి పోర్ట్ ఫార్వర్డింగ్ నిజంగా కావాలి. టీసీపీ 80, 443, యూడీపీ 10000. చాలామంది 443 తెరిచి యూడీపీ 10000 మరిచిపోతారు. లక్షణం చూస్తే ఇట్టే పట్టేయవచ్చు: ఇద్దరున్నంతసేపు బాగుంటుంది, మూడోమనిషి రాగానే అందరి బొమ్మా మాటా పోతాయి. ఇద్దరే ఉన్నప్పుడు వాళ్లు నేరుగా మాట్లాడుకుంటారు, మూడో మనిషి వచ్చాక అంతా సర్వరు మీదుగా 10000 ద్వారా వెళ్లాలి. అది మూసి ఉంటే ఇంతే.

అన్నీ తెరిచినా రాకపోతే రూటరు పేజీలో "వాన్ ఐపీ" చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ నెట్ కంపెనీ ఒకే అడ్రసును చాలామందికి పంచుతోందని అర్థం, దీన్ని సీజీనాట్ అంటారు. అప్పుడు మీరు ఎన్ని తలుపులు తెరిచినా వీధి గేటు మూసే ఉంటుంది. కొన్ని కంపెనీలు ఫోన్ చేసి అడిగితే తీసేస్తాయి. లేదంటే నెలకు కొద్ది డాలర్లకు ఒక సర్వరు అద్దెకు తీసుకోవడమే నయం. నా మటుకు ఇంట్లో పెట్టడం కంటే అదే మంచిదనిపిస్తుంది.

ఊరి నుంచి, గల్ఫ్ నుంచి సాక్షి చేరాలంటే

మీ తరఫున కరీంనగర్ నుంచో కడప నుంచో ఎవరైనా మాట్లాడాల్సి వస్తే, విదేశం నుంచి సాక్ష్యం ఇస్తారని కమిషనుకు ముందే చెప్పాలి. వాళ్ల వైపు జియో, బీఎస్ఎన్ఎల్ ఏదైనా సరే, చేరడానికి ప్రత్యేకంగా ఏమీ తెరవక్కర్లేదు. దుబాయ్‌లో ఉన్న బావకు వాట్సాప్ వీడియో కాల్ వెళ్లదు కదా, టీమ్స్ కూడా పోదేమో అనుకోవద్దు. అక్కడ వాట్సాప్ కాల్స్ ఆగేది ప్రభుత్వ నియమం వల్ల, టీమ్స్‌కు, జూమ్‌కు అక్కడ అనుమతి ఉంది. దానికోసం వీపీఎన్ పెట్టమని ఆయనకు చెప్పొద్దు, ఆ దేశంలో అది చిక్కులు తెస్తుంది.

టైము మాత్రం రెండుసార్లు చూడండి. సిడ్నీలో ఉదయం 10 అంటే ఊళ్లో తెల్లవారుజామున 5:30. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా గడియారం ముందుకు జరుగుతుంది కాబట్టి అప్పుడు 4:30. పెర్త్ దగ్గర గనిలో ఉన్న స్నేహితుడు సాక్షి అయితే ఆయనకు మామూలు రోజుల్లో 8, ఆ వేసవి నెలల్లో 7. సాక్షికి లింకు పంపేటప్పుడు టైమును వాళ్ల గడియారం ప్రకారం రాసి, పక్కన ఫోన్ నంబరు, ఐడీ కూడా పెట్టండి. ఇండియా నుంచి అయితే అది ఐఎస్‌డీ కాల్ అవుతుంది, ముందే బ్యాలెన్స్ వేయించి ఉంచమనండి.